ఫస్ట్ ఆప్షన్‌లోనే సీటు

రెండేళ్ళ పాటు నా ముఖం పిడుగురాళ్ళ హైవే పక్కన ఎండకు ఎండి, వానకు తడిసింది. ముఖమంటే ఫ్లెక్సీ మీది ముఖం. హాల్ టికెట్ కోసం తీయించుకున్న ఫొటోను తలుపంత పెద్దది చేసి, దాని కింద ఎర్రటి అక్షరాలతో "ఫస్ట్ ఆప్షన్‌లోనే ఇంజనీరింగ్ సీటు సాధించిన మా భాయ్ గారి అమ్మాయికి శుభాకాంక్షలు" అని రాయించి, మా నాన్న షెడ్డు రేకులకు కట్టారు లారీ డ్రైవర్లు. ప్రేమతోనే కట్టారు. కానీ ఆ "సాధించిన" అన్న మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. నేను సాధించింది ఏదైనా ఉంటే అది ర్యాంకు. సీటును మాత్రం మేమంతా కలిసి పోగొట్టుకున్నాం. తిలాపాపం తలా పిడికెడు అంటారే, అలా.

మా నాన్న లారీల కమాన్ కట్టలు బాగుచేస్తాడు. లారీ బరువంతా మోసేవి ఆ కట్టలే, ఒకదాని మీద ఒకటి పేర్చిన వంపు తిరిగిన ఉక్కు పట్టీలు. సున్నపురాయి క్వారీల నుంచి బట్టీలకు, బట్టీల నుంచి ఎక్కడెక్కడికో తిరిగే లారీలు మోయాల్సిన దానికంటే ఎక్కువే మోస్తాయి. ఎక్కడో ఒక చోట పట్టీ విరుగుతుంది. అప్పుడు మా షెడ్డు ముందు ఆగుతాయి. ఓవర్‌లోడు మీదే మా ఇల్లు గడిచింది. నాన్న అయిదో తరగతితో బడి మానేశాడు. రైతులు ఆయన్ను సాయిబు గారూ అంటారు, డ్రైవర్లు భాయ్ అంటారు. మాట మీద నిలబడే మనిషని ఊళ్ళో పేరు. తప్పుడు మాట మీద కూడా అంతే గట్టిగా నిలబడతాడని నాకు తర్వాత తెలిసింది.

నేను ఇంటర్ నరసరావుపేటలో హాస్టల్లో ఉండి చదివాను. దాన్ని చదువు అనడానికి నాకు నోరు రాదు. ప్రతి ఆదివారం పరీక్ష. సోమవారం సాయంత్రానికి గోడ మీద జాబితా. మార్కులను బట్టి సెక్షన్, సెక్షన్‌ను బట్టి గది. పై సెక్షన్ పిల్లలకు పై అంతస్తు, అక్కడ గాలి వచ్చేది. మార్కులు తగ్గితే ట్రంకు పెట్టె మోసుకుని కింది అంతస్తుకు దిగాలి. మా వార్డెన్ ఆ జాబితా చేతిలో పట్టుకుని మెట్ల దగ్గర నిలబడి, ఎవరు దిగాలో గట్టిగా చదివేది. రెండేళ్ళలో నా పెట్టె ఆ మెట్లు పదకొండుసార్లు ఎక్కింది, దిగింది. నా పక్క మంచం పిల్ల ఒకసారి దిగి మళ్ళీ ఎక్కలేదు. ఆమెతో మాట్లాడితే నా మార్కులు కూడా తగ్గుతాయేమోనని నేను మాట్లాడడం తగ్గించేశాను. పదహారేళ్ళ పిల్లను అలా తయారుచేశాక వాళ్ళు మా అందరికీ కలిపి "వ్యక్తిత్వ వికాసం" మీద ఒక క్లాసు కూడా పెట్టారు.

పరీక్షకు పేరు మార్చి చాలా కాలమైనా మా ఊళ్ళో దాన్ని ఇంకా ఎంసెట్ అనే అంటారు. మూడు గంటలు, నూట అరవై ప్రశ్నలు. తప్పు రాస్తే మార్కు కోయరు కాబట్టి చివరి అయిదు నిమిషాల్లో తెలియనివాటన్నిటికీ గుడ్డిగా ఒకటే జవాబు నొక్కుతూ పోవాలని మాకు నేర్పారు. నేనూ నొక్కాను. అందులో నాలుగు తగిలి ఉంటే వేలమందిని దాటి ఉంటాను, తగలకపోతే వేలమంది నన్ను దాటి ఉంటారు. ఒక పూట పేపరు తేలిక, ఇంకో పూట కష్టం, దాన్ని ఏదో లెక్కతో సర్దుతారు. ఇంటర్ మార్కులకూ అందులో వాటా ఉంటుంది. ఇన్ని కలిపి వండితే నాకు తొమ్మిది వేల చిల్లర ర్యాంకు వచ్చింది. మా వీధిలో పదివేల లోపు ర్యాంకు అంతకు ముందు ఎవరికీ రాలేదు. నాన్న ఆ రోజు షెడ్డు మూసేశాడు. పండక్కి తప్ప మూయని షెడ్డు.

నాకు కావాల్సిన చోటు ఒకటుంది. యూనివర్సిటీ వాళ్ళ సొంత కాలేజీ, రైలెక్కి పోవాల్సిన దూరం. మా ఇంటర్ కాలేజీలో లెక్కలు చెప్పిన మేడం అక్కడే చదివింది. అక్కడి లైబ్రరీ గురించి, అక్కడ సీనియర్లు ఏయే ఉద్యోగాలకు పోయారో, అక్కడి పేరు చెబితే ఇంటర్వ్యూలో ఎదుటివాడు కుర్చీలో ఎలా సర్దుకుని కూర్చుంటాడో చెప్పేది. రెండేళ్ళు ఆ మెట్లెక్కి దిగింది నేను ఆ కాలేజీ కోసమే. ఈ సంగతి ఇంట్లో అమ్మకు తెలుసు, నాన్నకూ తెలుసు. తెలిసీ జరిగింది కాబట్టే ఇంత మంట.

సర్టిఫికెట్ల పరిశీలనకు నరసరావుపేట వెళ్ళాం. ఆదాయం సర్టిఫికెట్‌కు ఇంకో జిరాక్సు కావాలంటే నాన్న బయటికి పరుగెత్తాడు. బల్ల అవతల కూర్చున్న సారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని నా ర్యాంకు కార్డు చూశాడు.

"మంచి ర్యాంకమ్మా. మీ కేటగిరీలో యూనివర్సిటీ కాలేజీ వచ్చే అవకాశం ఉంది. ఆప్షన్లు పెట్టుకునేటప్పుడు నీకు బాగా ఇష్టమైంది మొదట పెట్టు. ఖాయంగా వచ్చేది చివర పెట్టు. పైది రాకపోతే కంప్యూటరే కిందికి దిగుతుంది, నీకేం నష్టం లేదు. భయపడి దగ్గరిది పైన పెట్టావనుకో, అదే ఇచ్చేసి ఆగిపోద్ది."

ఇంతకంటే తేటగా ఎవరూ చెప్పలేరు. కంప్యూటర్ ర్యాంకుల వరుసలో ఒక్కొక్కరి జాబితానే తీసుకుంటుంది. నా వంతు వచ్చినప్పుడు నా జాబితా పైనుంచి కిందిదాకా చూసి, ఎక్కడ ముందు ఖాళీ కనిపిస్తే అక్కడ నన్ను కూర్చోబెట్టాకే నా వెనకవాడి జాబితా ముట్టుకుంటుంది. నేను పైకి ఆశపడినంత మాత్రాన నా కిందిది ఎవరూ ఎత్తుకుపోరు. నాకు అర్థమైంది. ఆ కుర్చీలో కూర్చున్నప్పుడే అర్థమైంది.

నాన్న చెమటలు కక్కుతూ జిరాక్సు తెచ్చాడు. "ఏమన్నాడు బేటా సారు?" అన్నాడు.

"సర్టిఫికెట్లన్నీ సరిపోయినాయంట," అన్నాను. మిగతాది ఇంటికి పోయి చెబుదామనుకున్నాను.

మర్నాడు పొద్దున షెడ్డులో పంచాయితీ పెట్టారు. నాన్న, ఇద్దరు డ్రైవర్లు, మాచర్ల పెదనాన్న. మాచర్ల పెదనాన్న మాకు చుట్టం కాదు. ముప్పై ఏళ్ళుగా లారీ తోలే మనిషి, చిన్నప్పటి నుంచి నేనలా పిలిచేదాన్ని. నాన్న ఏ పనైనా ఆయన్ను అడిగి చేసేవాడు. టైర్ల కంపెనీ క్యాలెండర్ కాగితం ఒకటి చింపి, వెనక తెల్ల వైపు నా ముందు పెట్టారు.

"ఎన్ని కాలేజీలు రాయాలంట?" అన్నాడు పెదనాన్న.

"ఎన్నైనా రాయొచ్చు. వరసగా నంబర్లు వేయాలి," అన్నాను.

"నంబర్లు వేయాలంటే ఇది మన సీరియలే భాయ్," అన్నాడు ఆయన నాన్నతో.

సీరియల్ అంటే లారీల సీరియల్. బట్టీల దగ్గర లోడు కావాల్సిన లారీలు ఆఫీసులో నంబరు రాయించుకుంటాయి. వంతు వచ్చినప్పుడు ఏ లోడు ఉంటే అది ఎత్తుకోవాలి. ఇది వద్దు, బెంగుళూరు లోడు వచ్చేదాకా ఆగుతాను అంటే ఆ నంబరు కొట్టేసి అడుగున రాస్తారు. ఈలోగా వెనకవాడు దగ్గరి లోడు ఎత్తుకుపోతాడు. రెంటికీ చెడ్డ రేవడి అయిన డ్రైవరు రెండు రోజులు బట్టీ పొగలో పడుకుంటాడు. వీళ్ళంతా ఆ పొగలో పడుకుని లేచినవాళ్ళే. అందుకని వాళ్ళ బతుకు సూత్రం ఒకటే. ఖాయంగా దొరికేది ముందు అడుగు.

"పెద్ద కాలేజీ మొదట రాశామనుకో," అన్నాడు పెదనాన్న నా వైపు తిరిగి, "వాళ్ళు లేదంటారు. మన కాగితం మళ్ళీ రెండోదాని దగ్గరికి పొయ్యేలోపల ఆడ సీట్లు నిండిపోతయి. మూడోదీ అంతే. ఆఖరికి యాడా లేకుండా పోద్ది. మబ్బుల్లో నీళ్ళు జూసి ముంతలో నీళ్ళు ఒలకబోసుకుంటామా?"

"నిజమే," అన్నాడు నాన్న. "చానా కష్టపడి తెచ్చుకున్న ర్యాంకు. సీరియల్ పోగొట్టుకోకూడదు. దగ్గరి కాలేజీ మొదట రాయి బేటా. తర్వాత దాని పక్కది. ఆ పెద్ద కాలేజీ కూడా రాద్దాంలే, కింద. అదృష్టముంటే అదే వచ్చిద్ది."

మా ఊరి నుంచి బస్సులో గంట దూరంలో ఉన్న ప్రైవేటు కాలేజీ ఒకటో నంబరు అయింది. నా కాలేజీకి పద్నాలుగో నంబరు పడింది. పద్నాలుగు అని నా చేత్తోనే రాశాను.

ఇక్కడ నేను నా గురించి మంచిగా రాసుకోవచ్చు. చిన్నపిల్లను, మగవాళ్ళ మధ్య నోరెత్తలేకపోయాను అని రాస్తే చదివేవాళ్ళు అయ్యో అంటారు. అది అబద్ధం. మా నాన్న ముందు నేను నోరెత్తని రోజు లేదు. సెల్‌ఫోన్ కోసం ఎత్తాను, హాస్టల్ మార్చమని ఎత్తాను. ఆ రోజు ఎత్తకపోవడానికి కారణం వేరే. సారు మాట నేను చెప్పి, వాళ్ళు విని, తీరా సీటు రాకపోతే ఆ తప్పు నాదవుతుంది. నాన్న చెప్పినట్టు రాస్తే, ఏమైనా జరిగితే తప్పు నాన్నది. రెండేళ్ళు గోడ మీద జాబితాలు చూసి చూసి నేను నేర్చుకున్నది ఇదొక్కటే, తప్పు నా పేరు పక్కన పడకూడదని. అంత చదువు చదివాను.

ఆప్షన్లు ఎక్కించడానికి వెళితే నెట్ సెంటర్ ఆయన మా క్యాలెండర్ కాగితం చూసి ఒక్క క్షణం ఆగాడు. "ఇదేంది భాయ్, ఈ ర్యాంకుకు ఈ కాలేజీ పైన పెడుతున్నారేంది?" అన్నాడు.

"మేం ఆలోచించే రాశాంలే," అన్నాడు నాన్న.

మా వెనక ఇంకా పాతిక మంది నిలబడి ఉన్నారు. మనకెందుకులే అనుకుని సెంటర్ ఆయన టైపు చేశాడు. నాన్న ఫోనుకు ఓటీపీ వచ్చింది. నాన్నకు అంకెలు చదవడం వచ్చు కానీ కళ్ళజోడు షెడ్డులో మరిచిపోయాడు. ఫోన్ నాకిచ్చాడు. ఆరు అంకెలు నేనే చదివాను, గట్టిగా, తప్పు లేకుండా.

ఒక మధ్యాహ్నం మెసేజ్ వచ్చింది. ఒకటో ఆప్షన్ కాలేజీలో, అడిగిన బ్రాంచిలోనే సీటు. రాకుండా ఎందుకుంటుంది? నా ర్యాంకు చూసి ఆ కాలేజీ వాళ్ళే ఆశ్చర్యపోయి ఉంటారు. కానీ మా షెడ్డులో మాత్రం ఆ వార్త వేరే రూపం ఎత్తింది. "మొదట రాసిందే వచ్చింది!" వచ్చిన ప్రతి లారీకి నాన్న ఈ మాట చెప్పి మిఠాయి పెట్టాడు. మాచర్ల పెదనాన్న మీసం తిప్పాడు. "జూశావా అమ్మాయ్, సీరియల్ తెలిసినోడి మాట!" అన్నాడు. వారానికి ఫ్లెక్సీ లేచింది. రెండో విడత కౌన్సెలింగ్ ఉందని తెలిసినా మేం అటు తొంగి చూడలేదు. ఫస్ట్ ఆప్షన్ వచ్చినవాళ్ళకు రెండో విడతతో పనేముంది అనుకున్నారు వాళ్ళు. నేను ఏమీ అనుకోకుండా ఉండడానికి ప్రయత్నించాను.

కాలేజీ మొదలయ్యాక మొదటి వారమంతా ఒకరినొకరు అడిగే ప్రశ్న ఒకటే. ఊరు కాదు, పేరు కాదు. ర్యాంకెంత? నలభై వేలు, డెబ్భై వేలు, లక్షా పది. నేను తొమ్మిది వేలు అంటే బెంచీ మీద ఉన్న నలుగురూ ఒక్కసారి నవ్వారు, నేను పరాచికాలాడుతున్నాననుకుని. నిజమని తెలిశాక నా పక్క పిల్ల అడిగింది. "మరి ఇక్కడెందుకొచ్చావ్ నువ్వు?"

ఆ సాయంత్రం బస్సులో ఫోన్ తెరిచి ఏ కాలేజీలో ఏ కేటగిరీకి చివరి సీటు ఏ ర్యాంకు దగ్గర ఆగిందో చూశాను. ఆ జాబితా అందరికీ కనిపించేదే. నా కాలేజీ, నా బ్రాంచి, నా కేటగిరీ. చివరి సీటు దొరికిన అమ్మాయి ర్యాంకు నాకంటే పన్నెండు వందలు వెనక ఉంది. మళ్ళీ చూశాను. వేలితో పెద్దది చేసి చూశాను. ఆ అమ్మాయి ఎవరో నాకు తెలియదు, ఆమె తప్పేమీ లేదు. కానీ ఆ బస్సులో కూర్చుని ఆమెను నేను తిట్టిన తిట్లు పైకి అని ఉంటే కండక్టర్ నన్ను దించేసేవాడు. చేతులు కాలాక పట్టుకోవడానికి నాకు ఆకులు కూడా లేవు.

ఇంటికి పోయాక అమ్మ అన్నం పెట్టింది. నాన్న "కాలేజీ ఎట్టుంది బేటా?" అన్నాడు. బాగుందన్నాను.

ఆ తర్వాత జరిగిందే నాకు ఎక్కువ చేదు. నాన్న సలహాదారుడైపోయాడు. ఫస్ట్ ఆప్షన్‌లోనే సీటు తెప్పించిన మనిషి కదా! జూన్, జూలై వచ్చేసరికి ర్యాంకు కార్డులు ప్లాస్టిక్ కవర్లలో పెట్టుకుని జనం షెడ్డుకు రావడం మొదలుపెట్టారు. డ్రైవర్లు, బట్టీ గుమాస్తాలు, క్రోసూరు వైపు నుంచి ట్రాక్టరు పట్టీలకు వచ్చిన రైతులు. నాన్న చేతులు తుడుచుకుని, వాళ్ళకు స్టూలు వేసి, సీరియల్ సిద్ధాంతం చెప్పేవాడు. చివర్లో నా వైపు చెయ్యి చూపించేవాడు. సాక్ష్యం నేను. మొదటి వేసవి నేను ఊరుకున్నాను. రెండో వేసవి, లారీలు తూచే వేబ్రిడ్జి గుమాస్తా కొడుకు వచ్చాడు. మంచి ర్యాంకే. వాడికీ ఫస్ట్ ఆప్షనే వచ్చింది. వాళ్ళ నాన్న పూతరేకులు తెచ్చాడు. నాన్న ఒకటి నా చేతిలో పెట్టి, "మన సలహానే," అన్నాడు. నేను తిన్నాను. ఆ తర్వాత వాడిని మా కాలేజీ బస్సులోనే చూస్తుండేదాన్ని, కిటికీ పక్కన కూర్చుని ఫోన్ చూసుకుంటూ. వాడు ఆ చివరి ర్యాంకుల జాబితా చూశాడో లేదో నేను అడగలేదు.

మూడో వేసవి మా వెనక వీధి పిన్ని వచ్చింది. వాళ్ళది నూజెండ్ల వైపు పల్లెటూరు, పొలాలున్నవాళ్ళు. కూతురి చదువు కోసం పిన్ని ఇక్కడ ఇల్లు అద్దెకు తీసుకుని ఉండేది. వాళ్ళాయన ఊళ్ళో పార్టీ పనులు వదిలిపెట్టి రాలేడు. కాబట్టి తల్లీకూతుళ్ళే వచ్చారు. పిల్ల తల వంచుకుని తల్లి వెనక నిలబడింది.

"ఎంతొచ్చిందమ్మా ర్యాంకు?" అన్నాడు నాన్న.

"నాలుగు వేల రెండొందలు సాయిబు గారూ," అంది పిన్ని. "ఈళ్ళ నాయనకు ఫోన్ చేస్తే సాయిబు గారినడిగి పెట్టమన్నాడు."

"మా పిల్ల ర్యాంకు కంటే మంచిదే. భయపడమాకండి. దగ్గర్లో మంచిది ఏదో చూసి మొదట రాయండి. మా అమ్మాయికి ఫస్ట్ ఆప్షనే వచ్చింది, కావాలంటే దాన్నే అడగండి."

ముగ్గురూ నా వైపు చూశారు. ఆ పిల్ల కూడా తలెత్తింది. ఆ కళ్ళలో ఏముందో నాకు తెలుసు. ఆ పిల్లకు కూడా ఎక్కడో ఒక కాలేజీ ఉంది.

"వచ్చింది," అన్నాను. "అందుకే నా సీటు పోయింది."

"ఏంది పోయింది?" అన్నాడు నాన్న నవ్వుతూనే.

చెప్పాను. కంప్యూటర్ ఎలా చూస్తుందో, ఒకరి జాబితా పూర్తయ్యేదాకా రెండోవాళ్ళది ఎందుకు ముట్టుకోదో, మొదటిది దొరికితే కిందికి ఎందుకు చూడదో అన్నీ చెప్పాను. మర్యాదగా చెప్పలేదు. మూడేళ్ళు మింగిందంతా బయటికొచ్చింది. "ఇది లారీ లోడు కాదు నాన్నా, ఆశపడితే ఎవరూ మన నంబరు కొట్టెయ్యరు! నువ్వూ నీ డ్రైవర్లూ కలిసి నా నంబరు కొట్టేశారు," అన్నాను. ఫోన్ తీసి ఆ జాబితా నాన్న ముఖం ముందు పెట్టాను. దాన్ని నేను దాచుకునే ఉన్నాను. కళ్ళజోడు పెట్టుకుని లేడని తెలిసీ పెట్టాను.

పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్న కళ్ళు చికిలించి ఆ ఫోన్ వైపు చూశాడు.

"అయితే నీకొచ్చేదా, ఆ పెద్ద కాలేజీ?"

"వచ్చేది."

"మరి అప్పుడు తెలవదుగా నీకీ సంగతి?"

అడిగింది నన్ను నిలదీయడానికి కాదు. ఏదో ఒక ఆసరా దొరుకుతుందేమోనని అడిగాడు. నేను నిజం చెప్పి ఉంటే ఆయన బరువులో సగం దిగేది.

"తెలవదు," అన్నాను. "కాలేజీకి పోయినాక తెలిసింది."

"అయితే తప్పు నాదే," అన్నాడు నాన్న. పిన్నితో, "నా మాట ఇనమాకండమ్మా. మా అమ్మాయి చెప్పినట్టు రాయించుకోండి," అని చెప్పి, జాకీ మీద ఉన్న లారీ కిందికి దూరాడు.

ఆ పిల్లకు నేనే ఆప్షన్లు రాసిచ్చాను. యూనివర్సిటీ కాలేజీ వచ్చింది, నేను అడిగిన బ్రాంచే. వెళ్ళేముందు పిన్ని వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని, "నీ మేలు మర్చిపోనమ్మా, నా బిడ్డ జీవితం నిలబెట్టావు," అంది. నేను మేలు చేయడానికి చెప్పలేదు. నాన్న వినాలని చెప్పాను, పది మందిలో వినాలని చెప్పాను. ఆ పిల్ల కాలేజీ గేటు ముందు దిగిన ఫొటో స్టేటస్‌లో పెడితే రెండు రోజులు ఆమె స్టేటస్ నాకు కనబడకుండా మ్యూట్ చేసి పెట్టాను. ఇదీ నా గొప్పతనం.

నా చదువు అయిపోయింది. ఉద్యోగాల దరఖాస్తుల్లో కాలేజీ పేరు దగ్గర ఒక జాబితా తెరుచుకుంటుంది. పెద్ద కాలేజీల పేర్లన్నీ ఉంటాయి. మాది ఉండదు. అన్నిటికంటే కింద "ఇతరములు" అని ఉంటుంది, దాన్ని నొక్కాలి. ఎన్నిసార్లు నొక్కానో నాకే లెక్క లేదు. ఒక్కచోట పిలిచారు. అక్కడా నా ర్యాంకు చూసి, మరి ఆ కాలేజీలో ఎందుకు చేరావమ్మా అని అడిగారు. ఇంటికి దగ్గరని చెప్పాను. ఇప్పుడు పిడుగురాళ్ళలోనే ఒక కోచింగ్ సెంటర్లో ఎంసెట్‌కు లెక్కలు చెబుతున్నాను. చివరి అయిదు నిమిషాల్లో గుడ్డిగా ఒకటే జవాబు నొక్కమని నేను కూడా నేర్పుతున్నాను. మార్కులకు పనికొస్తుంది మరి.

నాన్నకు వచ్చేవాళ్ళు మానలేదు. ఆయన చెప్పే మాట మారింది, అంతే. కిందటి వేసవి గురజాల డ్రైవరొకాయన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. నేను సెంటర్ నుంచి వచ్చి షెడ్డులో టీ తాగుతున్నాను. నాన్న ఆయనకు స్టూలు వేసి, లారీ నంబరు చెప్పినంత మామూలుగా చెప్పాడు.

"నన్నడగమాక తమ్ముడూ. నాకు తెలవక మా అమ్మాయి సీటు పోగొట్టాను. దాన్నడుగు, అది బాగా చెప్పుద్ది."

ఎవరొచ్చినా ఇవే మాటలు. ఒక్క మాట ఎక్కువ ఉండదు, తక్కువ ఉండదు. వచ్చినవాళ్ళు ఏం చేయాలో తెలియక నేల చూపులు చూస్తారు. నేను కోరుకున్నదే ఇది. ఆయన తప్పు ఆయన నోటితో ఒప్పుకోవాలని మూడేళ్ళు పళ్ళు నూరాను. ఇప్పుడు ఆపు నాన్నా అంటే, ఎందుకు ఆపాలో చెప్పాలి.

డ్రైవర్ కూతురు నా పక్కకు వచ్చి కూర్చుంది. పిల్ల చురుకైంది. "అక్కా, మరి మీకప్పుడు ఎవరూ చెప్పలేదా?" అంది.

నేను గ్లాసు కింద పెట్టేలోపలే నాన్న అందుకున్నాడు. "దానికెవరు చెప్తారమ్మా, చిన్నపిల్ల. నాతోనే ఉంది ఎప్పుడూ. ఎవరన్నా చెప్తే నాకు చెప్పేది కాదా?"

ఆ పిల్ల తలూపింది. నేను ఆమె చేతిలోంచి కాగితం తీసుకుని, ఎడమ వైపు ఒకటి అని అంకె వేసి, "నీకు ఏ కాలేజీ కావాలి?" అని అడిగాను.